చవుక ఒడిగిటారునకు విలువ కట్టుట

రేడియో శ్రోతలకు హవాయి గిటారు నాదము క్రొత్తది కాదు. చిత్రగీతముల వరుసలను సాహిత్యము లేకుండ ఒక్క వాద్యముపై వినిపించు రికార్డులు మన దేశమున చిరకాలము ప్రసారమైనవి. హజారాసింగ్, సునీల్ గంగూలీ మున్నగువారు ఆ విద్యలో పేరుపొందినవారు. స్వరమునుండి స్వరమునకు తెగకుండ జారుచు, గాత్రమువలె ఊగుచు వచ్చు ఆ నాదమును విద్యుత్తుతో పలికించు వాద్యమునకు అమెరికాలో ల్యాప్ స్టీలు గిటారని పేరు. ఒడిలో పరుండబెట్టి, ఎడమచేతి ఉక్కుకడ్డీని తీగలపై జార్చుచు, కుడిచేతి వ్రేళ్లతో మీటుదురు. ఈ వ్యాసమున దానిని ఒడిగిటారని వ్యవహరింతము.

నేడు అమెరికా విపణిలో ఈ వాద్యము రెండు తెగలుగా లభించుచున్నది. పేరుపొందిన పనివారు చేతితో చేసి యిచ్చునది ఒక తెగ. దాని వెల వేయి డాలర్లకు పైబడును. రెండవ తెగ చైనా మొదలగు తూర్పు దేశములనుండి ఓడలపై దిగుమతియగునది. దీని వెల నూరు డాలర్లు మొదలుకొని రెండు మూడు వందల వరకు ఉండును. సంచి, కాళ్లు, కడ్డీ కూడ తరచుగా ఆ వెలలోనే చేరి వచ్చును. ఇంత భేదమును చూచినవారికి సహజముగనే సందేహము కలుగును. ఈ చవుక సరకు వాద్యమా, లేక వాద్యమును పోలిన ఆటవస్తువా? కుమారునకో కుమార్తెకో మొదటిసారిగా వాద్యము కొనదలచిన గృహస్థునకు ఇది చిన్న ప్రశ్న కాదు. ధనము పోయిన మరల సంపాదించుకొనవచ్చును. తప్పు వాద్యముపై నేర్చిన తప్పు స్వరము చెవిలో నాటుకొనినచో దానిని పెరికివేయుట కష్టము. తనకు స్వరజ్ఞానము లేదని తలచి విద్యనే విడిచిపెట్టిన బాలురు ఎందరో కలరు. వారి చెవి మంచిదే. దోషము వారి ఒడిలోని కొయ్యది.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. తక్కిన వాద్యముల విషయమున వెలను బట్టి గుణమును ఊహించుట కొంతవరకు చెల్లును. ఒడిగిటారు విషయమున అది అంతగా చెల్లదు. ఇందుకు కారణము వాద్యనిర్మాణమునందే యున్నది.

వీణను తలచుకొనుడు. వీణకు మేళము కట్టుట ఎంత సూక్ష్మమైన పనియో వైణికులకు తెలియును. ఇరువదినాలుగు మెట్లను మైనముపై ఒక్కొక్కటిగా నిలిపి, చెవితో సరిచూచి, ఎత్తు సమము చేసి, తీగ ఎక్కడను కరకరలాడకుండ చూచు పనివాని నేర్పునకే మనము వెల యిచ్చుచున్నాము. మామూలు గిటారునకును ఇదే న్యాయము. లోహపు మెట్లను సమముగా నాటుట, వానిని ఆకురాయితో సరిచేయుట, తీగల లాగుడునకు దండి వంగకుండ లోపల ఇనుపకడ్డీని అమర్చుట, చేతికి పట్టుబడునట్లు దండిని చెక్కుట — కర్మాగారములో కాలమును ధనమును హరించు పనులు ఇవియే. చవుక గిటారు చెడిపోవునదియు ఇచ్చటనే.

ఒడిగిటారునకు ఈ పనులలో ఒక్కటియు అక్కరలేదు. తీగ మెట్టును తాకదు, మెట్లే లేవు. కానవచ్చునవి రంగు గీతలు మాత్రమే. చేయి దండిని పట్టుకొనదు గనుక దానిని చతురస్రముగా, కావలసినంత లావుగా చేయవచ్చును. వంగునను భయము లేదు. పలకవంటి ఒక కొయ్య, ఒక చివర మేరువు, రెండవ చివర గుఱ్ఱము, నడుమ ఆరు తీగలు, వాని క్రింద అయస్కాంతముతో కూడిన పికప్పు, ఆరు బిరడలు. ఇంతే వాద్యము. చేయవలసిన పని తక్కువ గనుక చెడగొట్టుటకు అవకాశమును తక్కువ. నూరు డాలర్ల మామూలు గిటారుకంటె నూరు డాలర్ల ఒడిగిటారు మంచి వాద్యమగుటకు ఎక్కువ సావకాశము కలదని మేము చెప్పుట ఇందువలననే.

చరిత్రయు దీనికి సాక్ష్యము పలుకుచున్నది. హవాయి ద్వీపములలో ఒవాహు ద్వీపమునకు చెందిన జోసఫ్ కెకుకు అను బాలుడు 1880 ప్రాంతములనాటి దశాబ్దిలో గిటారు తీగలపై ఉక్కుముక్కను జార్చుచు ఈ విద్యను రూపొందించెనని ఎక్కువమంది అంగీకరించిన విషయము. అంతకుముందే గేబ్రియల్ డేవియన్ అను భారతదేశపు నావికుడు అచ్చట తీగలపై అట్లు జార్చి వాయించెనను కథనమును కలదు. మన గోటువాద్యమును, ఉత్తరాది విచిత్రవీణను ఎరిగినవారికి ఆ కథనము అసంభవముగా తోచదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనము తరువాత హవాయి సంగీతము అమెరికా అంతట దావానలమువలె వ్యాపించెను. విద్యుత్ గిటారు పుట్టుకయు ఈ వాద్యముతోనే కలిగినది. జార్జి బోషాం రూపొందించగా రికెన్‌బ్యాకర్ సంస్థ 1932లో విపణికి తెచ్చిన అల్యూమినియపు ఒడిగిటారు, విజయవంతముగా అమ్ముడైన తొలి విద్యుత్ గిటారుగా పరిగణింపబడుచున్నది. గుండ్రని చిన్న తల, పొడుగైన కాడ గలదగుటచే దానిని జనులు వేపుడుమూకుడని పరిహసించిరి. పరిహాసమెట్లున్నను నాదము మధురము. ఒకటే చిక్కు: వేదికమీది దీపముల వేడికి లోహము పెరిగి శ్రుతి తప్పుచుండెను. అరుదైన దారువు లేనిదే నాదము రాదని వాదించు వర్తకులకు ఈ లోహవాద్యము చాలినంత సమాధానము.

అటుపిమ్మట ఆర్థికమాంద్యపు దినములలో అమెరికాలో ఈ వాద్యము సామాన్యుల ఇండ్లకు చేరినది. క్లీవ్‌లాండు నగరమునందలి ఒవాహు పబ్లిషింగ్ కంపెనీవారు వాద్యమును, పాఠముల పత్రములను, బోధకుని ఒకే ఏర్పాటుగా ఊరూర విక్రయించిరి. ఆ వాద్యములు వారు స్వయముగా చేసినవి కావు. కే, వాల్కో వంటి కర్మాగారములలో చేయించి తమ పేరు వేసికొనినవి. అవి ఉత్తమ శ్రేణివని నాడెవ్వరును అనుకొనలేదు. ముత్యపుచిప్పవంటి మెరుపుగల ప్లాస్టికు తాపడము చూచి పెద్దవారు నవ్విరి కూడ. కాని నేడు ఏమి జరుగుచున్నది? ఆ విద్యార్థి వాద్యములను వెదకి కొనుచున్నారు. రై కూడర్ అను ప్రసిద్ధ వాదకుడు వాల్కో వారి పాత ఒడిగిటారు పికప్పును తీసి తన మామూలు గిటారునకు అమర్చుకొనెను. ఆ నాదమునకై పెక్కుమంది అదే చేసిరి. పాపము, ఎన్నో చక్కని ఒడిగిటారులు పికప్పును కోల్పోయి కొయ్యలుగా మిగిలినవి.

దిగుమతి సరకునకును ఇటువంటి ఉదాహరణము లేకపోలేదు. జెడ్‌సన్ అను పేర జపానులో తయారై బ్రిటనులో అమ్ముడైన ఒడిగిటారులు చవుక రకమునకు చెందినవి. పింక్ ఫ్లాయిడ్ బృందపు డేవిడ్ గిల్మర్ వానిని ఏండ్ల తరబడి మహాసభలలో వాయించెను. వేలకొలది డాలర్ల వాద్యములను కొనగల శక్తి ఆయనకు లేక కాదు గదా.

ఇట్లనుటచే చవుకయైనదెల్ల మంచిదని భావింపరాదు. చవుక వాద్యములలో మంచిదియు చెడ్డదియు ఒకే పెట్టెలో, ఒకే పేరుతో, ఒకే వెలకు వచ్చును. కర్మాగారమున ఒక్కొక్కదానిని పరీక్షించు మనుష్యుడు లేకపోవుటయే వెల తగ్గుటకు ఒక కారణము. ఆ పరీక్షకుని పని మనమే చేయవలెను. ఇది పది నిమిషముల పని.

మొదటిది, అన్నిటికంటె ముఖ్యమైనది, గీతల లెక్క. మేరువునుండి గుఱ్ఱము వరకు తీగ మ్రోగు నిడివిని కొలువుడు. చవుక వాద్యములలో ఇది తరచుగా 22.5 అంగుళములు ఉండును. పండ్రెండవ గీత సరిగా మధ్యను, అనగా మేరువునకు 11.25 అంగుళముల దూరమున ఉండవలెను. అచ్చట పలుకునది తారషడ్జము. పంచమమిచ్చు ఏడవ గీత 7.48 అంగుళముల వద్ద, శుద్ధమధ్యమమిచ్చు అయిదవ గీత 5.64 అంగుళముల వద్ద ఉండవలెను. కొన్ని చవుక వాద్యములలో గీతల పలకను ఒక నిడివికి ముద్రించి, గుఱ్ఱమును వేరొక నిడివికి బిగించుట కలదు. అది పావు అంగుళమే కదా యని ఉపేక్షింపరాదు. గీతలు 22.5 అంగుళములకు గీసి గుఱ్ఱమును 22.75 వద్ద బిగించిరనుకొనుడు. అర్ధస్వరమును నూరు భాగములు చేసినచో, అయిదవ గీతపై ఆరు భాగములు, ఏడవ గీతపై తొమ్మిది, పండ్రెండవ గీతపై పందొమ్మిది భాగములు స్వరము తగ్గి పలుకును. పైకి పోయినకొలది దోషము పెరుగుచునే యుండును. మన శాస్త్రజ్ఞులు ప్రమాణశ్రుతి యని చెప్పు అంతరము ఇరువదిరెండు భాగములకు ఇంచుమించు సమానము. కనుక తారషడ్జము దగ్గర పిల్లవాడు గీతను నమ్మి కడ్డీ నుంచినచో దాదాపు ఒక శ్రుతి తప్పి వాయించుచున్నాడన్నమాట.

కొలబద్ద లేకున్నను చెవితో ఈ పరీక్ష చేయవచ్చును. కడ్డీ లేకుండ, పండ్రెండవ గీతకు సరిగా పైన తీగను చిటికెనవ్రేలితో తాకియు తాకనట్లు తాకి, మీటి, వెంటనే వ్రేలు తీయుడు. సరిగా నడిమి స్థానమైనచో గంట మ్రోగినట్లు స్వచ్ఛమైన నాదము వచ్చును. నాదము మొద్దుబారినచో వ్రేలిని అటునిటు జరిపి ఎక్కడ గంట మ్రోగునో చూడుడు. తీగకు నిజమైన మధ్యము అదియే; గీత దానికెంత దూరమున నున్నదో కన్నే చెప్పును.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. మెట్లుగల గిటారులో ఈ దోషమున్నచో ఆ వాద్యమును పారవేయవలసినదే. ఒడిగిటారులో గీత గురుతు మాత్రమే గనుక, నిజమైన నిడివికి లెక్కకట్టి గీసిన కాగితపు పట్టీని పలకపై అంటించిన దోషము తొలగిపోవును. అన్నిటికంటె ప్రమాదకరమైన దోషమునకు అన్నిటికంటె చవుకయైన చికిత్స! అనుభవశాలియైన వాదకుడు గీతను లక్ష్యపెట్టడు. చెవిని నమ్మి కడ్డీని జరుపుకొనును. ఆరంభకునకు మాత్రము గీతయే గురువు. అందుచేత ఒకే వాద్యము ప్రవీణునకు లాభసాటి బేరమును, బాలునకు చేటును కావచ్చును. ఎవరికొరకు కొనుచున్నామో చెప్పకుండ విలువ కట్టుట అసాధ్యమని దీనివలన తేలుచున్నది.

రెండవ పరీక్ష తీగల సమతలము. కడ్డీ తిన్ననిది గనుక ఆరు తీగల పైభాగములును ఒకే తలమున ఉండవలెను. కడ్డీని తీగలపై బరువు మోపక నిలిపి, వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో, క్రుంగిన తీగకును కడ్డీకిని నడుమ సన్నని వెలుగు కానవచ్చును. మేరువు దగ్గర ఒకసారి, గుఱ్ఱము దగ్గర ఒకసారి ఇట్లు చూడవలెను. క్రుంగిన తీగ వాయించునపుడు జుమ్ముమని రొద చేయును. లావు తీగకు గాడి లోతుగను, సన్న తీగకు పైకిని ఉండవలెనను సంగతి కర్మాగారమువారు కొందరు మరతురు. చిన్న ఆకురాయితో సవరింపదగిన దోషమే గాని, ఆ ఓపిక లేనివారు కొనకుండుట మేలు.

బిరడలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. త్రిప్పినపుడు తీగ వెంటనే కదలవలెను. ఇటు త్రిప్పి అటు త్రిప్పునపుడు నడుమ ఖాళీగా తిరుగరాదు. ఒడిగిటారు తీగలకు లాగుడు అధికము. చవుక వాద్యములలో ముందుగా ఓటమినొందునవి ఇవియే. మార్చుటకు సుమారు ముప్పది నలువది డాలర్లు అగును. వెలను లెక్కించునపుడు దీనిని మనసులో కలిపివేసికొనుట మంచిది.

పికప్పు విషయము రేడియో గృహస్థులకు సులభముగా బోధపడును. అయస్కాంతముచుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. పైన ఉక్కుతీగ కంపించినపుడు అందులో అల్పమైన విద్యుత్తు పుట్టును. ఒకే చుట్టగల పికప్పు ఇంటిలోని ట్యూబులైట్ల రొదను, ట్రాన్స్‌ఫార్మరుల రొదను కూడ గ్రహించును. ఇది దాని స్వభావము, లోపము కాదు. తీగలపై చేయి నుంచినపుడు రొద తగ్గినచో భూమితీగ సరిగా కలిపిరని అర్థము. చేయి తాకినను తగ్గనిచో లోపల అతుకు ఊడినది. పికప్పు మూతపై వ్రేలితో తట్టినపుడు ఆ శబ్దము పెట్టెలోనుండి పెద్దగా వినవచ్చినచో, చుట్టలో మైనము పోయలేదని గ్రహింపవలెను. అట్టిది ధ్వని హెచ్చించినపుడు కీచుమని కూయును. ఆరు తీగలను ఒకే బలముతో మీటి, ఒకటి అణగియుండి వేరొకటి అరచుచున్నదేమో వినవలెను. ధ్వనిని హెచ్చించి తగ్గించు మర కుడిచేతి చిటికెనవ్రేలికి అందుబాటులో ఉన్నదేమో చూచుట మరువరాదు. స్వరమును మీటిన తరువాత ధ్వనిని మెల్లగా పెంచుట ఈ వాద్యమునకు ప్రాణమువంటి నేర్పు. పెక్కు చవుక వాద్యములలో ఆ మర చేతికందని మూలన ఉండును. చేసినవానికి ఈ వాద్యము వాయించు విధము తెలియదనుటకు అది గుర్తు.

ఇక కొయ్య. వర్తకులు ఎక్కువగా మాటలాడునది దీనిని గూర్చియే. మేము తక్కువగా చెప్పెదము. ఒడిలో కదలక నిలుచునంత బరువుండిన చాలును. మరీ తేలికయైనది కడ్డీ జార్చినప్పుడెల్ల తొడలపై జరుగుచుండును. రంగు, మెరుపు, పొదుగుడు పని నాదమున చేరవు.

సామగ్రితో కలిపి యిచ్చు వస్తువులను గూర్చి మాత్రము హెచ్చరింపక తప్పదు. సంచి పనికివచ్చును. కాళ్లు కొన్నిటికి గట్టిగనే యుండును. ఉచితముగా ఇచ్చు కడ్డీ సాధారణముగా తేలికయైనది, అంచులు నునుపు లేనిది. దానితో వాయించిన తీగపై గీరిన ధ్వని వచ్చును. నునుపైన, చేతికి బరువుగా తోచు ఉక్కుకడ్డీని విడిగా కొనవలెను. ఇందుకు ఇరువదియైదు నలువది డాలర్ల నడుమ అగును. నాదమును మార్చుటలో నూరు డాలర్ల క్రొత్త పికప్పుకంటె మంచి కడ్డీ ఎక్కువ పని చేయునని మా దృఢవిశ్వాసము. తీగలును అట్లే. కర్మాగారమున తరచుగా మామూలు గిటారు సన్నతీగలనే కట్టి పంపుదురు. నిడివి తక్కువగల ఈ వాద్యముపై అవి వదులుగా ఉండి, కడ్డీ బరువునకు క్రుంగి అపస్వరము పలుకును. ఏ శ్రుతిమేళనమున వాయింపదలచితిమో దానికి తగిన లావు తీగల జతను మొదటి దినముననే మార్చుకొనవలెను. పది డాలర్లు మించని ఈ మార్పు తరువాత, ఆటవస్తువని తిట్టబడిన వాద్యము గంభీరముగా పలుకుట అరుదు కాదు.

ఇప్పుడు లెక్క వేయుదము. వాద్యము 120 డాలర్లు, తీగలు 10, కడ్డీ 30, అవసరమైనచో బిరడలు 35. మొత్తము 195 డాలర్లు. విపణిలో చెప్పిన వెల 120 అయినను, చవుక వాద్యపు నిజమైన వెల ఇదియే. ఈ మొత్తమునకు మరికొంత చేర్చినచో పాత అమెరికా విద్యార్థి వాద్యమొకటి లభించునేమో విచారింపవలెను. వాల్కో, మాగ్నటోన్ వంటి సంస్థల పాత సరకు స్థితిని బట్టి కొన్ని వందల డాలర్లకు నేటికిని దొరకుచున్నది. దాని పికప్పులో ఒక వ్యక్తిత్వముండును; తిరిగి అమ్మినపుడు పెట్టిన సొమ్ము చాలవరకు చేతికి వచ్చును. చవుక దిగుమతి వాద్యమునకు ఆ గుణము లేదు; పెట్టె విప్పిన దినముననే సగము వెల పోయినట్లు భావింపవలెను. కాని పాత వాద్యమునకు ఎండిన తీగపూతలు, గరగరలాడు మరలు, సడలిన అతుకులు సహజము. ఇంట టంకము వేయగలవారున్నచో పాతదానిని, లేనిచో క్రొత్తదానిని కొనుట యుక్తమని మా సలహా. నేర్చుకొందునో మానుదునో తెలియని వారికి మాత్రము సందేహము లేకుండ చవుకదే తగినది. మూడు నెలలలో మానివేసిన నష్టము స్వల్పము. మూడేండ్లు సాగించినచో అప్పటికి తనకేమి కావలెనో వాదకునకే తెలియును.

మన సంగీతమును ఈ వాద్యముపై పలికింపగోరువారు ఒక విషయము గమనింపవలెను. మన దేశమున ఈ విద్య హవాయి వారివలననే ప్రచారమునకు వచ్చినది. టావ్ మో అను హవాయి వాదకుడు కుటుంబముతో 1940 ప్రాంతముల తరువాత కొన్ని ఏండ్లు కలకత్తాలో నివసించెను. ఆ నగరమున ఈ వాద్యము వేళ్లూనుకొనినది. తరువాత బ్రిజ్ భూషణ్ కాబ్రా దీనిని రాగసంగీతమునకు మలచెను. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన 1967లో చేసిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' అను రికార్డు లోకప్రసిద్ధము. విశ్వమోహన్ భట్ మరికొన్ని తీగలను, అనుధ్వనించు తీగలను చేర్చి మోహనవీణను నిర్మించెను; పైన పేర్కొనిన రై కూడర్‌తో ఆయన చేసిన రికార్డు 1993లో వెలువడినది. వీరి వాద్యములు బోలుకడుపు గలవి, విద్యుత్తు లేకుండనే పలుకునవి. ఆరు తీగల చవుక ఒడిగిటారుపై అనుధ్వనియు, తాళపు తీగలును ఉండవు. షడ్జ పంచమములకు శ్రుతి చేసికొని జారు, కంపితము మొదలగు గమకములను సాధించుటకు మాత్రము అది చాలును. అయితే 22.5 అంగుళముల నిడివిలో మేరువు దగ్గర అర్ధస్వరమునకు అంగుళమున్నర పావు తక్కువ చోటుండగా, పండ్రెండవ గీత దాటిన పిదప అది అర అంగుళము చిల్లరకు తగ్గును. తారస్థాయిలో సూక్ష్మగమకములు పలికించుటకు ఆ చోటు ఇరుకు. అట్టివారు 25 అంగుళముల నిడివిగల దానికై వెదకుట మంచిది, కొంత వెల హెచ్చినను.

అమెరికాలోనున్న బంధువులచేత ఈ వాద్యమును తెప్పించుకొనువారికి ఒక్క సూచన. వాద్యములోని సాధారణపు పికప్పు తానే విద్యుత్తును పుట్టించుకొనును గనుక దానికి గోడలోని కరెంటుతో పనిలేదు; ఎచ్చట కొనినదైనను ఎచ్చటనైనను పలుకును. ధ్వనివర్ధకపు పెట్టె అట్లు కాదు. అమెరికాలో గృహములకు వచ్చు విద్యుత్తు 120 వోల్టులు, మనకు 230. అచ్చటి పెట్టెను ఇచ్చట నేరుగా తగిలించిన తక్షణమే కాలిపోవును. కావున వాద్యము, కడ్డీ, తీగలు మాత్రము తెప్పించుకొని, పెట్టెను ఇచ్చటనే కొనవలెను. పూర్వపు వాల్వు రేడియోలలో గ్రామఫోను పికప్పుకై వెనుకవైపు రంధ్రములుండెడివి. అట్టి పాత రేడియో ఇంకను ఇంట నున్నవారు కొందరు వాద్యమును దానికే తగిలింపవచ్చునని తలతురు. ఏసీ డీసీ రకపు రేడియోలలో లోపలి ఇనుపచట్రము నేరుగా కరెంటు తీగతో కలిసియుండును. గిటారు తీగలు ఆ చట్రముతో కలియును. తీగలపై మోపిన చేతికి ప్రాణాపాయమే సంభవింపవచ్చును గనుక ఆ ప్రయత్నము ఎంతమాత్రము చేయరాదు. నేడు చిన్న సాధనపు పెట్టెలు, చెవులకు తగిలించుకొను యంత్రముతో వినదగినవి, స్వల్పవెలకే లభించుచున్నవి. రాత్రివేళ సాధన చేయువారి ఇరుగుపొరుగు వారికిని అవి అనుకూలములు.